కుడికాలు ముందు పెట్టి కొన్న బోర్డు

ఆ రోజుల్లో నాకు వారానికి రెండు ఆదివారాలు వచ్చేవి. ఒకటి అసలుది, రెండోది శనివారం పేరుతో వచ్చేది. సెలవంటే ఎగిరి గంతేసే వయసులో, శుక్రవారం మధ్యాహ్నం నుంచే గుండెల్లో రాయి పడేది. సియాటిల్‌కి కాస్త ఎగువన ఉన్న బాతెల్ అనే ఊళ్ళో, ఒక బయోటెక్ కంపెనీలో నా మొదటి ఉద్యోగం. గాజు పళ్ళేల్లో పెరిగే కణాలకు వేళకు మేత వేయడం నా పని. (శని, ఆదివారాల్లో కూడా వాటికి ఆకలేస్తుంది. కానీ ఆ రెండు రోజులూ ఆ పని ఇంకొకావిడకు అప్పగించారు. ఆవిడంటే నాకు ఎంత అసూయగా ఉండేదో ఆవిడకు తెలియదు.) అక్టోబరులో మొదలైన తుంపర వేసవి దాకా తెరిపివ్వదు. చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ చీకట్లో నా అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్చీ, ఒక పరుపు, ఒక కుక్కరు, నేను. కుక్కరు కూత పెట్టినప్పుడు ఎవరో పిలిచినట్టుండి ప్రాణం లేచొచ్చేది. ఒకరి అన్నానికి మూడు కూతలు చాలు. నేను మాత్రం ఇంకో రెండు రానిచ్చి, ముద్దైపోయిన అన్నం తినేదాన్ని.

ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేరా అంటే, కావలసినంతమంది ఉన్నారు. పుట్టినరోజులకూ, సత్యనారాయణ వ్రతాలకూ ఆప్యాయంగా పిలిచేవారు కూడా. అక్కడికి వెళ్తే దంపతులు దంపతులతో, పిల్లలు పిల్లలతో కూర్చునేవారు. నేను వంటింటికీ హాలుకీ మధ్య పేపర్ ప్లేటు పట్టుకుని, ఎటు చూసి నవ్వాలో తెలియక పులిహోరను చూసి నవ్వేదాన్ని. వాళ్ళడిగే మొదటి ప్రశ్న వీసా గురించి, రెండోది పెళ్ళి గురించి. మూడో ప్రశ్న ఉండేది కాదు. ఇక ఆఫీసులో సోమవారం లంచ్ టేబుల్ దగ్గర పరిస్థితి ఇంకో రకం. చలికాలం రాగానే అందరి నోటా మంచే. కాస్కేడ్ కొండల మీద ఎంత పడింది, ఎవరు ఏ వాలు దిగారు, ఎవరి మోకాలు ఎటు తిరిగింది. మా టీమ్ లీడ్ ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ చంకలో ఫ్లాస్కు ఉంటుంది కాబట్టి మనసులో ఆయనకు ఫ్లాస్కాయన అని పేరు పెట్టుకున్నాను. వరసగా అందరినీ అడుగుతూ నా దాకా వచ్చి, "నువ్వేం చేశావ్ ఈ వీకెండ్?" అనేవాడు. "లాండ్రీ" అనేదాన్ని. "నైస్" అనేవాడు. లాండ్రీలో నైస్ ఏముందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. సంభాషణ నన్ను దాటి పక్క కుర్చీకి వెళ్ళిపోయేది.

మా ఆఫీసు పార్కింగ్‌కి అవతల రేకుల షెడ్డు లాంటి ఒక భవనం ఉండేది. అందులో స్నోబోర్డులు తయారుచేసే చిన్న కంపెనీ. స్నోబోర్డంటే, రెండు కాళ్ళూ పట్టీలతో బిగించుకుని, పక్కవాటంగా నిలబడి మంచు మీద జారే పలక. ఒక నవంబరులో ఆ షెడ్డుకి రంగు కాగితాలు కట్టి, బయట ప్రకటన పెట్టారు. కంపెనీ వార్షికోత్సవం, శనివారం అందరూ రండి, కేకుంది అని. కేకు సంగతి సరే, నన్ను పట్టేసింది కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం. ఆ రోజు బోర్డు కొన్నవాళ్ళకు మరుసటి శనివారం కంపెనీ బస్సులో కొండకు ఉచిత ప్రయాణం. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతారు. బస్సు అంటే సీట్లు. సీటు అంటే పక్కన ఇంకో సీటు. అందులో తప్పకుండా ఒక మనిషి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు ఆ మనిషి ఎక్కడికీ లేచి వెళ్ళిపోలేడు. మా ఊరు తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో, దిగేలోపు పక్కావిడ కోడలి గుణగణాలు కూడా తెలిసిపోయేవి మరి. మంచు మీద జారాలన్న కోరిక నాకు ఆవగింజంత కూడా లేదు. నాకు కావలసింది ఆ పక్క సీటు.

శనివారం తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి స్వెట్టరు వేసుకుని వెళ్ళాను. షెడ్డు నిండా జనం, పాటలు, కొయ్య వాసన. గోడ పొడవునా బోర్డులు నిలబెట్టి ఉన్నాయి. వాటి ముందు రెండు జడలు వేసుకుని, చెవికి పెన్సిలు పెట్టుకున్న ఒక అమ్మాయి అందరికీ కొలతలు చూసి బోర్డు ఎంచిపెడుతోంది. నన్ను చూసి "హాయ్, నీకేం కావాలి?" అంది. (ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.) నిజం చెప్పాలంటే "పక్క సీటు" అనాలి. "బోర్డు" అన్నాను.

"ఇంతకుముందు ఎక్కావా?"

"లేదు."

"స్కేట్‌బోర్డు? సర్ఫింగ్?"

"స్కూటీ" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగ్గా, మామిడి పిందె రంగులో ఉన్న బోర్డు నాకు నచ్చింది. పొడుగుదైనా పొట్టిదైనా ఒకటే ధర అని తెలిశాక మరీ నచ్చింది. ఎప్పుడూ ఒక సైజు పెద్ద యూనిఫారం కొనే ఇంట్లో పెరిగినదాన్ని, చిన్నది తీసుకోమంటే ఎలా ఒప్పుకుంటాను. రెండు జడలమ్మాయి ఆ బోర్డును నా పక్కన నిలబెట్టింది. అది నా నడినెత్తిని దాటి ఇంకా పైకి పోయింది. "బోర్డు నీ గడ్డానికీ ముక్కుకీ మధ్య ఆగాలి. ఇంత పెద్దదైతే నువ్వు దాన్ని తిప్పలేవు, అదే నిన్ను తిప్పుతుంది" అంది. అదే రంగులో గడ్డం దాకా వచ్చేది వెతికి తీసింది. బరువు అడిగింది, చెప్పాను. పాదం కొలిచింది. మెత్తగా వంగేది కొత్తవాళ్ళకు మంచిదని బోర్డు వంచి చూపించింది. ఇన్ని సంగతులు నా గురించి ఈ దేశంలో ఎవరూ అడగలేదు కాబట్టి అన్నిటికీ కొంచెం పొడుగ్గానే జవాబు చెప్పాను.

"చివరి ప్రశ్న. నీకు ఏ కాలు ముందుంటుంది?" అంది. పట్టీలు ఆ లెక్క ప్రకారం బిగించాలట. ఎడమకాలు ముందుండేవాళ్ళను రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందుండేవాళ్ళను గూఫీ అంటారు, అంటే తింగరివాళ్ళని. తెలియదన్నాను. "అయితే అటు తిరిగి నిలబడు" అని నా వెనక్కి వచ్చింది. నా రెండు భుజాల మధ్యన అరచెయ్యి ఆనించి, చిన్నగా ముందుకు తోసింది. పడిపోకుండా ఏ కాలు వేస్తే అదే ముందుకాలు.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మొదటిది మా నాయనమ్మ. మా ఇంట్లో కుడికాలు సంగతి కొత్త పెళ్ళికూతురికే పరిమితం కాదు. పరీక్షకు బయల్దేరినా, కొత్త చెప్పులేసుకున్నా, మొదటిసారి ఎక్కే బస్సైనా కుడికాలే ముందు. నాయనమ్మ గుమ్మం పక్కన పీట వేసుకుని కాపలా కాసేది. కొత్తింట్లో ఒకసారి నాన్న రెండు చేతులా కూరగాయల సంచులతో, పరధ్యానంగా ఎడమకాలు లోపలపెడితే, వీధిలోకి పంపి మళ్ళీ రమ్మంది. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, కొత్తగా ఏదైనా మొదలుపెడుతుంటే కుడికాలు దానంతటదే లేస్తుంది. ఆ రోజు మొదట కదిలింది ఎడమకాలే. నాకు బాగా గుర్తు. మడమ లేచింది కూడా. కానీ ఇదేమిటి, శుభమా అని మొదలుపెడుతూ అనుకుని, దాన్ని గాల్లోనే ఆపి, తడబడి, కుడికాలు వేశాను. రెండు జడలమ్మాయి "గూఫీ" అని రాసుకుని, పట్టీలు కుడికాలు ముందుండేలా బిగించేసింది.

రెండో సంగతి ఆ చెయ్యి. ఎయిర్‌పోర్టులో "లైను కదులుతోంది, పద" అంటూ అమ్మ నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. ఆ తర్వాత నా వీపు మీద పడిన మొదటి మనిషి చెయ్యి ఇదే. అది తీసేశాక కూడా అక్కడ కాసేపు వెచ్చగా ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కేకులో దాల్చినచెక్క ఎక్కువైందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి బోర్డు కొన్నానని, అంటే ఒక రకం చెక్క అని చెప్పాను.

"చెక్కేంటే? మంచానికా?"

"కాదమ్మా. మంచు మీద జారడానికి."

"జారిపడకుండా మంచి చెప్పులు కొనుక్కోవే అంటే, జారడానికి చెక్క కొన్నావా?" అంది అమ్మ. ఇంతలో నాయనమ్మ ఫోన్ లాక్కుంది. "కొత్త వస్తువు గదా, కుడికాలే పెట్టావా?"

"కుడికాలే పెట్టాను నాయనమ్మా."

"అయితే భయం లేదు. బొట్టు పెట్టు దానికి" అంది. బోర్డు ముందు చివర కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి చూపించి, పరుపు పక్కన గోడకు ఆనించుకుని వారమంతా పడుకున్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. (కుడికాలు ముందు పెట్టే.) కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద సంచి కూడా పెట్టకుండా, ఎవరైనా రావచ్చని ముఖం ప్రసన్నంగా పెట్టుకున్నాను. ఇద్దరికి సరిపడా పులిహోర కట్టుకొచ్చాను. ఒక గడ్డపాయన వచ్చి కూర్చున్నాడు. నా మనసు ఉప్పొంగింది. ఆయన "మార్నింగ్" అని, చెవుల్లో ఏదో పెట్టుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, కొండ దాకా గురకపెట్టాడు. తిరిగి చూస్తే బస్సంతా అదే. నేనూ, డ్రైవరూ మాత్రమే మెలకువగా ఉన్నాం. డ్రైవరుతో మాట్లాడరాదని గాజు మీద రాసి ఉంది.

కొండ మీద నా ప్రతాపం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. చిన్నపిల్లలు నేర్చుకునే వాలు ఒకటుంటుంది. అక్కడ నిలబడితే పడ్డాను, కదిలితే పడ్డాను, పడినచోట నుంచి లేవబోయి పడ్డాను. అందరూ ముందుకు పోతుంటే నా బోర్డు మాత్రం మొండికేసిన గేదెలా పక్కకు తిరిగేది. కానీ ఒక విచిత్రం జరిగింది. పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగేవారు. కళ్ళద్దాలు పైకెత్తి, "ఆర్ యూ ఓకే?" అని అడిగేవారు. ఒకావిడ చెయ్యందించి లేపింది. ఒక ముసలాయన నా టోపీ మీద మంచు దులిపాడు. ఒకబ్బాయి నా బోర్డు మీది కుంకుమ బొట్టు చూసి, ఈ డిజైను ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆ పూట నన్ను పలకరించినంతమంది అంతకు ముందు రెండు నెలల్లో కలిపి కూడా పలకరించలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి, మీరు నమ్మరు, పడకుండా ఆగగలిగిన చోట కూడా పడటం మొదలుపెట్టాను. ఎవరూ ఆగకుండా పోతే, కొంచెం మూలిగాను కూడా.

అలా ఒకసారి వీలు చూసుకుని పడబోతుంటే బోర్డు గిర్రున తిరిగి, ఎడమకాలు ముందుకొచ్చింది. పడలేదు. జారుతున్నాను. గాలి చెవుల్లో కొడుతోంది, మోకాళ్ళు వాటంతటవే వంగుతున్నాయి, పక్కన పిల్లలు వెనకబడుతున్నారు. వాలు అడుగున ఎవరి కాళ్ళ దగ్గరకో వెళ్ళి ఆగాను. తలెత్తి చూస్తే కంపెనీ తరఫున వచ్చిన రెండు జడలమ్మాయి.

"నువ్వు వెనక్కి తిరిగి ఇంత బాగా దిగుతున్నావేం? పొద్దుట్నించీ చూస్తున్నాను, ముందుకు వెళ్తే పడుతున్నావ్. నేను తోసినప్పుడు నిజంగానే కుడికాలు వచ్చిందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను. గుమ్మం పక్కన పీట, నాన్న, కూరగాయల సంచులు, పరీక్షలు, చెప్పులు, బియ్యం చెంబు తన్నే పెళ్ళికూతుళ్ళు, అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వి వెళ్ళిపోతుందనుకున్నాను. మంచులో చతికిలబడి కూర్చుంది. "మరి ఎడమచేతివాటం వాళ్ళయితే?" అని అడిగింది. "మీ నాన్నకు కోపం రాలేదా?" అని అడిగింది. ఇద్దరికి తెచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం. ఆవిడకు మిరపకాయ తగిలి నీళ్ళు తాగుతూ కూడా "తర్వాత?" అంది. ఈ దేశం వచ్చాక నేను మొదలుపెట్టిన మాటను చివరిదాకా విన్న మొదటి మనిషి ఆవిడే. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, పట్టీలు రెండూ తిప్పి బిగించి, "మీ నాయనమ్మకు చెప్పకు. ఇప్పుడు వెళ్ళు" అంది. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

వెళ్ళాను. పై నుంచి కిందిదాకా దిగాను. ఇంకోసారి ఎక్కి దిగాను. సాయంత్రం దాకా ఒక్కసారి పడితే ఒట్టు. చాలా బాగుంది, ఆ మాట కాదనను. కానీ పడనివాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. పొద్దున్న నన్ను లేపినావిడ ఎదురొస్తే, ఆశగా నవ్వాను. ఆవిడ బొటనవేలు చూపించి జారుకుంటూ పోయింది. బోర్డు సరైనదైపోయాక మంచు మీద నేనొక్కదాన్నే మిగిలాను. తిరుగు బస్సులో గడ్డపాయన ఈసారి "ఈవెనింగ్" అన్నాడు.

సోమవారం లంచ్ టేబుల్ దగ్గర ఫ్లాస్కాయన నా దాకా వచ్చి అడిగితే, "స్నోబోర్డింగ్" అన్నాను. అన్ని తలలూ నావైపు తిరిగాయి. కుడికాలు కథ చెబితే విరగబడి నవ్వారు. ఫ్లాస్కాయనకు కాఫీ పొలమారింది. "ఈసారి నిన్ను కూడా తీసుకెళ్తాం, సమ్‌టైమ్" అన్నారు. సమ్‌టైమ్ అనేది క్యాలెండర్‌లో లేని రోజని తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. అప్పటికి టికెట్టు కొనుక్కుని కొండకు బస్సులో ఒక్కదాన్నే వెళ్ళిరావడం అలవాటైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వెళ్తూనే ఉన్నాను. ఉద్యోగం మారింది, అపార్ట్‌మెంట్ ఇల్లయింది, కుక్కరు మాత్రం అదే. ఇప్పటికీ రెండు కూతలు ఎక్కువే రానిస్తాను.

రెండు జడలమ్మాయి జడలిప్పుడు సగం నెరిశాయి, షెడ్డు వ్యవహారమంతా ఆవిడదే. ప్రతి వార్షికోత్సవానికీ నన్ను సాయానికి పిలుస్తుంది. కొత్తవాళ్ళను వెనకనుంచి తోసి ఏ కాలో చూసే పని నాది. మొన్నటి ఉత్సవంలో వరసలో చివరగా ఒక అమ్మాయి వచ్చింది. మంచి స్వెట్టరు వేసుకుంది, తలస్నానం చేసొచ్చినట్టుంది. చేతిలో కేకు తినకుండా అలాగే ఉంది. అటు తిరగమని వీపు మీద చెయ్యేసి తోశాను. ఎడమ మడమ లేచింది. గాల్లో ఆగింది. కుడికాలు వచ్చింది.

కాగితం పక్కన పెట్టేశాను. "ఏ ఊరమ్మా?" అన్నాను.

ఆ పిల్ల గబుక్కున తిరిగింది. "సూర్యాపేట ఆంటీ. మీకెట్ల తెలిసింది?"

ఆంటీ అన్న మాట దగ్గర మనసు కొంచెం చివుక్కుమంది. దాచడమెందుకు. "కాలు చెప్పింది" అన్నాను.

"ఏదన్న కొత్తగ మొదలుపెడితే కుడికాలే పెట్టాలె అంటది మా అమ్మమ్మ. తప్పా ఆంటీ?"

"తప్పేం కాదు. ఇంటికి కుడికాలు, మంచుకు నీ కాలు" అని ఇంకోసారి తోశాను. ఈసారి ఎడమకాలు వచ్చింది. పట్టీలు బిగిస్తుంటే, ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "బస్‌ల సీట్లు మనమే తీసుకోవచ్చా, వాళ్ళే ఇస్తరా?" ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. "నా పక్కన ఖాళీ" అన్నాను.

మరుసటి శనివారం బస్సులో నా పక్కనే కూర్చుంది. ఇన్నేళ్ళకు దొరికిన పక్క సీటు కాబట్టి నేను వదలలేదు. నాయనమ్మ దగ్గర మొదలుపెట్టి, ఫ్లాస్కాయన మీదుగా, గేదెలాంటి బోర్డు దాకా చెప్పుకుంటూ పోయాను. "ఊఁ" అంటోంది కదా అని, ఊఁ వినిపించడం మానేశాక కూడా చాలాసేపు చెప్పాను. తిరిగి చూస్తే నిద్రపోతోంది. బస్సు మలుపు తిరిగినప్పుడు తల వచ్చి నా భుజం మీద వాలింది. ముందు సీట్లో ఎవరో లేచి, తిమ్మిరెక్కిన చేత్తో నేను బిగుసుకుని కూర్చోవడం చూసి కాబోలు, "ఆర్ యూ ఓకే?" అని అడిగారు. కదిలితే ఆ పిల్ల లేస్తుందేమోనని, తలూపకుండా కళ్ళతోనే ఓకే అని చెప్పాను.